పుర్రె బొమ్మ హెడ్‌ఫోన్లు

పోర్ట్ బ్లెయిర్‌లో మా బ్రూక్షాబాద్ వీధి కుర్రాళ్ళకు నేనంటే కాస్త గౌరవం. ఉద్యోగ జీవితమంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బతికిన మనిషిని కాబట్టి, కంప్యూటర్ గేములు ఆడడానికి ఏవి కొనాలో నాకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోస్తుంటే గేటు దగ్గరకొచ్చి ఫోను నా ముక్కు మీద పెడతారు. "ఆంటీ, యే దేఖో, ఇది తీసుకోనా?" అంటారు. చూస్తే రెండు కొబ్బరి చిప్పలు ఇనప బద్దకు బిగించినట్టుంటుంది. ఒక పక్క ఎర్ర లైటు, ఇంకో పక్క నీలం లైటు.

"ఎంత బరువుంటుందిరా?" అని అడుగుతాను. అది మాత్రం ఎవరికీ తెలియదు. ఎన్ని రంగుల్లో వెలుగుతుందో తెలుసు, ఏ దేశపు ఆటగాడు పెట్టుకున్నాడో తెలుసు, డబ్బా ఎంత అందంగా ఉంటుందో తెలుసు. లైట్లు వెలిగేది వాడి చెవుల బయట. ఆడుతున్నవాడికి అవి కనబడవు, వాడి వెనక గోడకు కనబడతాయి. గోడ కోసం ఎందుకురా అంత ఖర్చు అంటే, "ఆంటీకి మజాక్ ఎక్కువ" అని నవ్వి వెళ్ళిపోతారు. వెళ్ళి ఆ కొబ్బరి చిప్పలే కొంటారు. నెల తిరక్కుండా మెడ పట్టేసిందని తైలం అడగడానికి మళ్ళీ మా ఇంటికే వస్తారు.

నోటితో చెబితే ఎక్కడం లేదని ఇది రాస్తున్నాను. తెలుగు గడగడా మాట్లాడతారు కానీ చదవమంటే నీళ్ళు నములుతారు కదా మీరు. మీ అమ్మల చేత చదివించుకోండి. వాళ్ళకు కూడా కాస్త కాలక్షేపం.

పోర్ట్ బ్లెయిర్‌లో రేవు కనబడే గుట్ట మీద మా వైర్‌లెస్ గది ఉండేది. దీవుల మధ్య తిరిగే ఓడలు, ఫెర్రీలు, చేపల పడవలు అక్కడికి మాట్లాడేవి. ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు, గాలి ఎలా ఉంది, జెట్టీలో చోటుందా, ఇవే మాటలు. డిగ్లీపూర్ వెళ్ళే ఓడ ఆలస్యమైతే, ఆ ఓడలో ఉన్నవాడి అత్తగారు కూడా ఎలాగో మా నంబరు పట్టుకుని అల్లుడి జాడ అడిగేది. వినడమే మా ఉద్యోగం. ఊళ్ళో అందరూ మాట్లాడి జీతం తీసుకుంటే మేము విని తీసుకునేవాళ్ళం.

వైర్‌లెస్ సెట్టుకు ఒక గుణం ఉంది. ఎవరూ మాట్లాడనప్పుడు అది వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు బుస కొడుతూనే ఉంటుంది. ఆ బుసను నొక్కడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే గది ప్రశాంతమవుతుంది. కానీ ఎక్కువ తిప్పితే బుసతో పాటు నీరసంగా వచ్చే గొంతులు కూడా నొక్కుకుపోతాయి. దగ్గరగా ఉండి గట్టిగా పలికేవాడు వినబడతాడు. దూరంగా ఉన్నవాడు, బ్యాటరీ అయిపోతున్నవాడు ఎంత అరిచినా వినబడడు. అందుకని పాత ఆపరేటర్లు మీట వదులుగా ఉంచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బుసను భరిస్తూ కూర్చునేవాళ్ళు. హెడ్‌ఫోన్ తీగ సెట్టుకు గుచ్చితే గదిలో స్పీకరు మూగబోతుంది. అప్పుడు ఆ బుస మన ఒక్కరి చెవులకే. మిగతావాళ్ళు హాయిగా టీ తాగవచ్చు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. భూమి ఊగడం ఆగాక, దక్షిణ దీవుల్లో ఒక చిన్న జెట్టీ నుంచి అక్కడి ఆపరేటరు పిలిచాడు. రోజూ మాట్లాడే మనిషే, ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు. "దీదీ, సముద్రం వెనక్కి పోతోంది. ఇలా ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. ఆ తర్వాత బుస. ఆ రోజంతా పిలిచాను, మర్నాడూ పిలిచాను. బుస తప్ప ఇంకేమీ రాలేదు. అది మొదలు ఆ మీటను బిగించాలంటే నాకు చెయ్యి వచ్చేది కాదు. ఇప్పటికీ ఇంట్లో రేడియో స్టేషను సరిగ్గా పట్టక బుసకొడితే కట్టేయను. మా ఆయన వచ్చి కట్టేస్తాడు.

ఇక అసలు విషయం. సునామీ తర్వాత మా దీవుల్లో జనానికి బరువు పిచ్చి పట్టింది. తేలికైనవన్నీ కొట్టుకుపోయాయి కాబట్టి బరువైనవే నిలుస్తాయని అందరి బుర్రలకూ ఎక్కింది. ఎవరింటి గేటు చూసినా జైలు గేటంత మందం. నేనూ ఒక ఇనప బీరువా కొన్నాను. అది మెట్లెక్కక ఈనాటికీ వరండాలోనే ఉంది, అందులో చీరలకు బదులు చీపుర్లుంటాయి. వస్తువు కొనేముందు చేత్తో పైకెత్తి చూడడం, చెయ్యి దిగలాగితే "మజ్‌బూత్ హై, గట్టిదే" అని తలాడించడం, అదే అప్పటి నాణ్యత పరీక్ష.

అలాంటి రోజుల్లో మా గదికి కొత్త పరికరాలు కొనమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దానికొక కమిటీ వేశారు. కమిటీలో మా అధికారి, స్టోర్సు చూసే ఆయన, అకౌంట్సు ఆయన ఉన్నారు. రోజంతా వినేవాళ్ళు మాత్రం అందులో ఒక్కరూ లేరు. మా అధికారి చెడ్డమనిషి కాదు. గొంతు మాత్రం పెద్దది. పక్క గదిలో మనిషితో మాట్లాడడానికి ఆయనకు ఫోను అవసరం ఉండేది కాదు, ఫోను కేవలం మర్యాద కోసం పట్టుకునేవాడు.

హెడ్‌ఫోన్ల ఎంపిక ఆయన ఏసీ గదిలో జరిగింది. నేను ఏదో సంతకం కోసం వెళ్ళి ఆ వైభవం కళ్ళారా చూశాను. టేబులు మీద రెండు రకాలున్నాయి. ఒకటి సన్నగా, ఎండుటాకులా ఉంది. రెండోది నల్లగా, లావుగా, చిన్న సైజు ప్రెషర్ కుక్కర్ లాగా ఉంది. స్టోర్సు ఆయన రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని కూరగాయల బేరంలా తూచాడు. అధికారి బరువైన దాన్ని తలకు పెట్టుకుని పాట పెట్టించుకుని విన్నారు. పల్లవి కూడా పూర్తి కాకముందే తీసేశారు.

"బేస్ అదిరింది" అన్నారు. "మళ్ళీ సునామీ వచ్చినా దీనికేం కాదు."

సునామీ మళ్ళీ వస్తే ఆ హెడ్‌ఫోన్ల కింద ఉండే తల సంగతేమిటి సార్ అని అడగాలనిపించింది. సంతకం కావాలి కాబట్టి అడగలేదు.

కుక్కర్లు మా గదికి వచ్చాయి. వాటిని తోలు లాంటి నల్లటి రెక్సిన్ గుడ్డతో కుట్టారు. మన దీవుల ఉక్కపోత మీకు తెలుసు కదా. పెట్టుకున్న కాసేపటికే చెవుల్లో చెమట నిండి, తల వంచితే కారేది. నాకు కళ్ళజోడు ఉంది, చెవులకు దుద్దులున్నాయి. ఆ చిప్పలు కళ్ళజోడు కాడను కణతకూ, దుద్దు శీలను మెడకూ కలిపి నొక్కేవి. మా సీనియర్ ఆపరేటరు ఒక బెంగాలీ పెద్దాయన, ఆయన్ని మేమంతా దాదా అనేవాళ్ళం. మొదటి రోజే ఆయన దాన్ని తలనుంచి తీసి టేబులు మీద దడాలున పెట్టి, "దీదీ, యే హెడ్‌ఫోన్ నహీ, హెల్మెట్ హై. స్కూటర్ భీ దే దో సాథ్ మే" అని, దానితో పాటు స్కూటరు కూడా అడిగాడు.

మనుషులు తెలివైనవాళ్ళు కదా, దారి కనిపెట్టారు. కుక్కర్లను మెడలో దండల్లా వేసుకుని, తీగ పీకేసి, స్పీకరు పెట్టుకున్నారు. స్పీకరు పెడితే బుస గది నిండా నిండుతుంది. తలనొప్పి వస్తుంది. అందుకని మీటను బిగించారు. గది హాయిగా, చల్లగా, దేవుడి గదిలా అయింది. పిలుపులు తగ్గాయి. పిలుపులు తగ్గాయంటే సముద్రంలో సమస్యలు తగ్గాయని మా అధికారి పైవాళ్ళకు చెప్పుకున్నారు. కొత్త పరికరాల వల్లే ఇదంతా అన్నారు. ఒక రకంగా అది నిజమే.

నేను మొండిదాన్ని. మీట వదులుగానే ఉంచి, కుక్కరు పెట్టుకునే కూర్చునేదాన్ని. దాని ఫలితం ఎడమ చెవి వెనక పుండు రూపంలో వచ్చింది. అది మానదు, మానేలోగా మళ్ళీ డ్యూటీ. డాక్టరమ్మ చూసి, "ఇంకా ఇలాగే పెట్టుకుంటే వినికిడికే ఎసరు. వినే పని మానేసి వేరే సెక్షనుకు వెళ్ళు, నేను రాసిస్తాను" అంది. వేరే సెక్షను అంటే కాగితాల మీద ముద్రలు కొట్టే సెక్షను. నీడపట్టున ఉద్యోగం, అందరూ ఎగబడేది. నాకు మాత్రం అది అక్కర్లేదు. దూరాన ఉన్న గొంతులను పట్టుకునే ఆ కుర్చీ నాది. అది వదిలేస్తే అక్కడ మీట బిగించే చేతులే మిగులుతాయి. ఒక వారం ఆగమ్మా అని డాక్టరమ్మను బతిమాలుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు బంధువుల ఇంటికని ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. జెట్టీకి దగ్గర్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక భయ్యా కంప్యూటర్ల షాపు ఉంది. అప్పట్లో మన దీవుల్లో ఇంటర్నెట్ ఎంత వేగంగా ఉండేదంటే, ఉత్తరం రాసి ఓడలో వేస్తే అదే ముందు చేరేది. అందుకని భయ్యా ఇంటర్నెట్టుతో పని లేకుండా షాపులో కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి తీగలతో కలిపేశాడు. కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట ఆడేవాళ్ళు. ఒకడు వెల్డింగు పని చేసేవాడు, ఒకడు ఫెర్రీలో తాళ్ళు కట్టేవాడు, ఇద్దరు కాలేజీ వాళ్ళు. పక్కపక్కనే కూర్చుని, ఒకడి టీ ఇంకొకడు తాగుతూ, తెర మీద చంపుకునేవాళ్ళు.

నా చూపు పడింది ఆటమీద కాదు, వాళ్ళ చెవుల మీద. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నారు, ఎవడూ ఒక్కసారి కూడా చెయ్యి పైకెత్తి సర్దుకోవడం లేదు. చెవి రుద్దుకోవడం లేదు. మా గదిలో దాదా అయితే ఈపాటికి తల గోడకేసి కొట్టుకునేవాడు.

"ఎంతసేపట్నుంచి ఆడుతున్నారు భయ్యా వీళ్ళు?" అన్నాను.

"పొద్దున్నే వొచ్చీసినారమ్మా. ఇళ్ళకాడ అన్నం తింటన్నారో నేదో గాని, ఈల్లు ఇక్కడే పెరుగుతన్నారు."

"చెవులు నొప్పి పుట్టవా?"

"నొప్పి పుడితే ఈల్లు నా పీక మీద కూకోరేటి? ముందల మంచి బరువైనవి తెచ్చినాను. లైట్లు, గియిట్లు అన్నీ ఉన్నాయి. ఒక్కడూ ముట్టుకోనేదు. ఇదిగో, ఈ తేలికపాటి గుడ్డవే కావాలన్నారు." ఇలా అని అటక మీంచి ఒకటి తీశాడు. సన్నటి బద్ద, చెవుల దగ్గర మెత్తటి గుడ్డ దిండ్లు. చేతిలో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే లేదు. బయట మాత్రం రెండు పక్కలా తెల్లటి పుర్రె బొమ్మ పళ్ళికిలించుకుని ఉంది.

"పెట్టుకుని చూస్తాను" అన్నాను.

"సూడండి. దానికేటి?"

"ఇప్పుడే తీసెయ్యను. వీళ్ళ పక్కన కూర్చుని, చాలనిపించేదాకా ఉంచుకుంటాను."

భయ్యా నన్ను ఎగాదిగా చూసి ఒక కుర్చీ తుడిచాడు. ఊరికే కూర్చుంటే షాపుకు చెడ్డపేరని కాబోలు, ఆట కూడా పెట్టి ఇచ్చాడు. అప్పుడు నాకు నలభై దాటాయి. జరీ అంచు చీర, తలలో కనకాంబరాలు, చెవుల మీద పుర్రెలు. తెరమీద నా చేతిలో తుపాకి. నేను నడిచి వెళ్ళి గోడను గుద్దుకోవడం, ఎవడో వచ్చి నన్ను కాల్చడం, మళ్ళీ బతకడం, మళ్ళీ అదే గోడ. వెల్డింగు కుర్రాడు జాలిపడి, "దీదీ, గోడనేం చేస్తారు, దాన్ని ఒగ్గీండి" అన్నాడు.

కానీ కాసేపటికి ఒకటి గమనించాను. ఆటలో గాలి హోరు, తుపాకుల మోత, వాటి అడుగున ఎక్కడో సన్నగా అడుగుల చప్పుడు. నాకది స్పష్టంగా తెలుస్తోంది. బుసలోంచి గొంతు ఏరడం ఏళ్ళ తరబడి చేసిన పనే కదా. "బాబూ, ఎడమ పక్క గోడ వెనక ఎవడో వస్తున్నాడు" అన్నాను. వెల్డింగు కుర్రాడు అటు తిరిగి కాల్చాడు. నిజంగానే ఎవడో పడ్డాడు. వాడు ఫెర్రీ కుర్రాడు, ఒక్క గావుకేక పెట్టాడు.

"దీదీ కో కైసే పతా చలా? ఎలా తెలిసింది?"

అంతే. నా తుపాకి లాక్కున్నారు, నాకు కాల్చే పని లేదన్నారు. "దీదీ, ఆప్ ఖాలీ సునో, ఔర్ బోలో కిధర్" అని నన్ను జట్టుకు చెవిగా పెట్టుకున్నారు. కుడి, ఎడమ, మెట్ల మీద, వెనక, అని చెబుతూ కూర్చున్నాను. అవతలి జట్టు ఇది అన్యాయమని భయ్యాకు ఫిర్యాదు చేసింది. మా ఆఫీసులో ఇన్నేళ్ళలో ఎవరూ నా వినికిడిని మెచ్చుకోలేదు. బాంబూఫ్లాట్‌లో ఆ రోజు నలుగురు మెచ్చుకున్నారు. ఇల్లు చేరాక అద్దంలో చూసుకుంటే పుండు దగ్గర కొత్త ఎరుపు లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సంగతే మధ్యలో మర్చిపోయాను.

పుర్రె హెడ్‌ఫోన్లకు మా సెట్టులో గుచ్చే తోక ఒకటి అతికించి ఇచ్చాడు మా మెకానిక్కు, నేను వాటిని కొనుక్కొచ్చాక. దాదా వాటిని చూసి, "మర్డర్ కరోగీ క్యా దీదీ?" అన్నాడు. పెట్టుకుని చూసి, ఎక్కడ దొరికాయని అడిగాడు. మూడో రోజుకు ఆయన షిఫ్టులో కూడా అవే, మీట కూడా వదులుగా. చెవి పుండు మానింది. డాక్టరమ్మ కాగితం రాయలేదు.

మా అధికారి కంట పడేదాకా అంతా బాగానే సాగింది.

"ఇదేమిటమ్మా? ఇది గేములాడేవాళ్ళది కదా? ప్రాణాలు కాపాడే గదిలో పుర్రెలేమిటి?" అని గుట్ట కింద జెట్టీ దాకా వినబడేలా అడిగారు. పుర్రెల మీద బ్యాండేజీ ప్లాస్టరు అంటించాను. అప్పుడవి తలకు దెబ్బ తగిలిన పుర్రెల్లా తయారయ్యాయి. అది చూసి ఆయనకు ఇంకా కోపం వచ్చింది. "కమిటీ కొన్నవి ఉండగా ఈ తేలిక సరుకు దేనికి? రేపు దిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. ఇవి నా కళ్ళకు కనబడకూడదు" అన్నారు. నేను వాటిని సొరుగులో పెట్టాను.

మర్నాడు పెద్దలు వచ్చారు. గది కడిగారు, కర్టెన్లు మార్చారు. మాకందరికీ కుక్కర్లు పెట్టించారు. తీగలు మాత్రం పీకేయించారు. ఎందుకంటే తీగ గుచ్చితే స్పీకరు మూగబోతుంది, స్పీకరు మూగబోతే పెద్దలకు ఏం వినిపిస్తాం? అంటే చెవులు మూసేసుకుని, దేనికీ తగలని తీగలు ఒళ్ళో పెట్టుకుని, సముద్రాన్ని శ్రద్ధగా వింటున్నట్టు కూర్చోవాలి. ఫోటోలు తీశారు. వాటిలో మేము చాలా శ్రద్ధగా ఉన్నాం.

అధికారి మొదలుపెట్టారు. స్పీకరు పెంచగానే బుస గదంతా నిండింది. పెద్దల్లో ఒకాయన మొహం చిట్లించాడు. సరిగ్గా అప్పుడు నేను కుడి చెవి చిప్ప కాస్త పక్కకు జరిపి ఉన్నాను, దుద్దు నొక్కుతుంటే. ఆ బుస మధ్యలో ఒక్కసారి గండి పడ్డట్టయింది. ఎవరైనా దూరాన సెట్టు మీద మాట్లాడే బటను నొక్కితే అలాగే అవుతుంది. వెనకాల ఒక సగం మాట, "...బంద్..." అని. అంతలో మా అధికారి చెయ్యి చాచి మీటను బిగించేశారు. గది సద్దుమణిగింది.

"ఆహా," అన్నాడు దిల్లీ ఆయన. "ఎంత క్లియర్!"

ఏమీ వినబడకపోవడాన్ని ఆయన క్లియర్ అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. మా అధికారి ఉత్సాహం పట్టలేక, "సునామీ తర్వాత సముద్రంలో ఒక్క గొంతు కూడా మాకు వినబడకుండా పోదు సార్" అన్నారు.

నేను చెయ్యెత్తాను. తర్వాత, అన్నట్టు కళ్ళతో సైగ చేశారు. మళ్ళీ ఎత్తాను. ఆయన కొత్త బ్యాటరీల గురించి చెబుతున్నారు. బయట గాలి ముదురుతోంది, కిటికీ రెక్క కొట్టుకుంటోంది. బంద్ అంటే ఏం బంద్? షాపు బంద్ అయిందని వైర్‌లెస్‌లో ఎవరూ చెప్పరు. నాకు దక్షిణ దీవి జెట్టీ ఆపరేటరు గుర్తొచ్చాడు.

కుక్కరు తీసి టేబులు మీద పెట్టాను. దాని బరువుకు గ్లాసులు గలగలలాడాయి. సొరుగు లాగి పుర్రెలు తీశాను, పెట్టుకున్నాను, మీట పూర్తిగా వదులు చేశాను. గది నిండా బుస భగ్గుమంది. పెద్దలు చెవులు మూసుకున్నారు. "ఏమిటమ్మా ఇది!" అని అధికారి గర్జించారు. నేను తీగ గుచ్చాను. స్పీకరు మూగబోయింది. ఆయన గొంతు మాత్రం మూగబోలేదు. ఆ గొంతు మీదుగా నాకేమీ వినబడడం లేదు.

"చుప్!" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో పై అధికారిని అలా అనడం అదే మొదలు, అదే చివర. ఆయన నోరు తెరిచి ఉండగానే ఆగిపోయారు. దాదా ఎటో గోడవైపు చూస్తున్నాడు.

బుస. బుస. దాని అడుగున, ఆటలో అడుగుల చప్పుడంత సన్నగా, ఒక గొంతు. హిందీ కాదు. పిలుపు కూడా కాదు. మాట్లాడే బటను నొక్కి ఉంచి పక్కవాడితో మాట్లాడుతున్నాడు, తెలుగులో.

"ఎవులూ ఇనడం నేదురా. సెట్టు ఆపీయ్. బేటరీ ఉంచుదుం."

ఆఫీసు పద్ధతి ప్రకారం పలకాల్సిన మాటలేవీ నోటికి రాలేదు. మా అమ్మ భాష వచ్చింది.

"ఆపకు బాబూ! ఆపకు! నాను ఇంటన్నాను!"

మళ్ళీ బుస. ఆపేశాడనుకున్నాను. తర్వాత ఆ గొంతు, "ఎవులమ్మా?" అంది.

"పోర్ట్ బ్లెయిర్. ఏటయింది? ఇంజన్ బందయిందా?"

"బందయిపోనాదమ్మా. నీళ్ళు వొచ్చీసినాయి. నీటి వాలు లాక్కుపోతంది."

"ఎడం పక్క ఏటి కనబడతంది?"

చెప్పాడు. తెల్లరాళ్ళ మొన, దాని వెనక దీపస్తంభం. నేను చేతులతో సైగ చేస్తుంటే దాదా అప్పటికే ఫోనందుకుని దగ్గర్లో ఉన్న లాంచీకి చెబుతున్నాడు. లాంచీ వాళ్ళను చేరేదాకా నేను ఆ మనిషిని మాట్లాడిస్తూనే ఉన్నాను. ఊరెక్కడ, ఎంతమంది పిల్లలు, ఇవాళ ఏం చేపలు పడ్డాయి, నోటికొచ్చిందల్లా అడిగాను. మధ్యలో అతనొకటి అడిగాడు.

"ఎంతసేపట్నుంచి ఇంటన్నారమ్మా? మేం సానాసేపు పిలిసినాం."

వెనక మా అధికారి, కర్టెన్లు, కొత్త బ్యాటరీలు, దిల్లీ పెద్దలు. "లాంచీ వొచ్చేస్తంది బాబూ" అన్నాను.

పడవలో నలుగురూ ఒడ్డు చేరారు. లాంచీ నుంచి ఆ కబురు రాగానే దాదా అందరికీ వినబడేలా చెప్పాడు. దిల్లీ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన మా అధికారి చెయ్యి పట్టుకుని ఊపుతూ, "చాలాచోట్ల డెమో చూశాను, ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదు" అన్నాడు. ఆయన అదంతా నాటకమనుకున్నాడు. చుప్ అనడంతో సహా. మా అధికారి ఒక్క క్షణం ఆలోచించి, వినయంగా తల వంచారు.

ఆ మెప్పుతో ఇంకా బరువైన కుక్కర్లు ఇంకో జత వచ్చాయి. వాటి ఫోటోలు ఆఫీసు గోడ మీద వేలాడాయి. పుర్రెలు మాత్రం సొరుగులోనే ఉన్నాయి. వాటిని చూడలేదన్నట్టు మా అధికారి, పెట్టుకోవడం లేదన్నట్టు మేము, అలా ఒక అంగీకారానికి వచ్చాం. గుడ్డ దిండ్లు చిరిగినప్పుడల్లా బాంబూఫ్లాట్ భయ్యా కొత్తవి కుట్టించి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు మా అధికారి భార్య తన కొడుకు గేములకని అదే షాపులో అవే తీసుకుందట. మెత్తగా ఉన్నాయని అబ్బాయి సంబరపడ్డాడట. భయ్యా ఆ కబురు నాకు రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి నేను సరిగ్గా నవ్వలేదని.

నేను రిటైరయిన రోజున సభ పెట్టారు. అప్పటికి మా అధికారి కుర్చీలో వేరే ఆయన ఉన్నారు. కుర్చీ మారలేదు కాబట్టి గొంతు కూడా పెద్దగా మారలేదు. నాకు శాలువా కప్పి, జ్ఞాపికగా ఒక పాత కుక్కరుకు బంగారు రంగు వేసి ఇచ్చారు. ఫోటో కోసం తల మీద పెట్టారు కూడా. "మేడమ్ జీవితమంతా దీనితోనే..." అని మొదలుపెట్టారు ఆయన. ఆ తర్వాత ఏమన్నారో నాకు తెలియదు. ఆ మందపు చిప్పల కింద ఒక్క ముక్క వినబడలేదు. అందరి పెదవులూ కదులుతున్నాయి. చాలా క్లియర్‌గా ఉంది.

అప్పుడు తలుపు దగ్గర ఒక నల్లటి మనిషి కనబడ్డాడు. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో తడి సంచి. ముఖం నేనెప్పుడూ చూసింది కాదు. లోపలికి రావడానికి మొహమాటపడుతూ, నావైపే చూస్తూ ఏదో అంటున్నాడు. మళ్ళీ అన్నాడు. ముందు వరసలో ఒకాయన అతన్ని ఆగమని చెయ్యి చూపించాడు. అతను చుట్టూ చూసి, ఎవరూ వినడం లేదనుకున్నాడో ఏమో, వెనక్కి తిరగబోయాడు.

నేను వేదిక మీద, అధికారి ఉపన్యాసం మధ్యలో, బంగారు కుక్కరును తల మీంచి పీకేశాను.

"అమ్మా, ఇనబడతందా?" అంటున్నాడు అతను.

ఆ గొంతు నాకు తెలుసు.

"ఇనబడతంది బాబూ," అన్నాను. "లోపలికి రా."